బంతి ముట్టని ఫుల్‌బ్యాక్‌ మీద రిపోర్టు రాశాను

నిన్న సాయంత్రమే రిపోర్టు ఇచ్చేశాను. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

అమెరికాలో ఎమ్మెస్ చేస్తూ మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆఫీసులో వీడియో పని చూస్తుంటాను. ఫుట్‌బాల్ అంటే ఇక్కడి హెల్మెట్ల ఆట. ఆఖరి ఏడాదిలో ఉన్న ఒక ఫుల్‌బ్యాక్‌కి (బంతితో పరిగెత్తేవాడికి ముందుండి దారి చేసే ఆటగాడు) ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్‌లో, చోటు దొరుకుతుందా లేదా అంచనా వేసి రాయమన్నారు.

ఎత్తు, బరువు, 40 గజాల పరుగు, 225 పౌండ్ల బెంచ్ ప్రెస్ అన్నీ ప్రో డే (స్కౌట్ల ముందు కాలేజీ ఆటగాళ్ళు పరీక్షలిచ్చే రోజు) షీటులో ఉన్నాయి, ఎక్కించుకోవడమే. అతని హైస్కూల్ కోచ్ ఫోన్‌లోనే ఓపిగ్గా మాట్లాడాడు.

అసలు నరకం మీటింగులో మొదలైంది. స్టాఫ్‌లో ఒక సీనియర్ నా షీటు చూసి, "సీజన్ మొత్తంలో పట్టుమని పదిసార్లు కూడా బంతి పట్టలేదు, వీడిలో అంచనా వేయడానికేముంది? మీవాళ్ళు లెక్కల్లో దిట్టలు కదా, ఏదో ఒక నంబరు వేసెయ్" అన్నాడు. టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ నవ్వు నా మీద అయితే సర్దుకునేవాణ్ణి. నాలుగేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్న కుర్రాడి మీద కూడా నవ్వారు, అది మింగుడుపడలేదు.

జాతరలో రథం ముందు జనాన్ని పక్కకు నెట్టి దారి చేసేవాళ్ళుంటారే, ఫుల్‌బ్యాక్ పని అది. అతని గొప్పతనం స్కోర్ షీటులో వెతికితే ఎలా దొరుకుతుంది? అందుకే అతను ఆడిన ప్రతి ప్లే వెనక్కీ ముందుకీ తిప్పి చూశాను.

ఒకటి చెప్తాను. థర్డ్ డౌన్ (పది గజాలు దాటడానికిచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఇంకో గజం కావాలి, పవర్ అనే పరుగు ప్లే. ఇతను ఎదురుగా ఉన్న డిఫెన్సివ్ ఎండ్‌ని (అవతలి జట్టు లైన్‌లో చివర నిలబడేవాణ్ణి) బయటికి నెట్టాలి, ఆ సందులోంచి రన్నర్ దూరాలి. ఎండ్ తెలివిగా లోపలికి చొరబడి సందు మూసేశాడు. ఇతను పరుగు ఆపకుండానే తల అతని బయటి భుజం వైపు మార్చి, లోపలే నొక్కిపట్టాడు. రన్నర్ బయటినుంచి తిరిగి ఆ గజం దాటి ఫస్ట్ డౌన్ (మళ్ళీ కొత్తగా నాలుగు ప్రయత్నాలు) తెచ్చాడు. ఇదంతా రెప్పపాటులో. లెక్కల్లో పేరు రన్నర్‌ది.

లోపం కూడా దాచలేదు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకడానికి (దీన్నే బ్లిట్జ్ అంటారు) వచ్చే లైన్‌బ్యాకర్ అనే డిఫెన్స్ ఆటగాణ్ణి ఆపేటప్పుడు తల దించేస్తాడు, వాడు పక్కనుంచి జారిపోతాడు. పైస్థాయిలో క్వార్టర్‌బ్యాక్ దెబ్బతింటే ఎవరూ క్షమించరు.

ఇక భవిష్యత్తు. ఒక్కో జట్టు రోస్టర్‌లో 53 మందే, చాలా జట్లు ఫుల్‌బ్యాక్‌ని ఉంచుకోవు, ఉంచుకున్నా ఒక్కడినే. అయినా కైల్ యూస్‌చెక్ అనే ఫుల్‌బ్యాక్ హార్వర్డ్ నుంచి వచ్చి 2013 డ్రాఫ్ట్ (జట్లు కాలేజీ ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే కార్యక్రమం) నాలుగో రౌండ్‌లో ఎంపికయ్యాడు. పాట్రిక్ రికార్డ్ (Ricard) అనే ఆటగాడు మెయిన్ (Maine) రాష్ట్ర యూనివర్సిటీలో డిఫెన్సివ్ లైన్‌లో ఆడినవాడు, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. బాల్టిమోర్ రేవెన్స్‌లో ఫుల్‌బ్యాక్‌గా మారి ప్రో బౌల్‌కి (లీగ్‌లో మేటి ఆటగాళ్ళకి దక్కే గౌరవం) వెళ్ళాడు. మావాడి గురించి ఇలా రాశాను: డ్రాఫ్ట్ ఏడు రౌండ్లలో పేరు రాకపోవచ్చు, ఆ తర్వాత ఫ్రీ ఏజెంట్‌గా (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగలవాడిగా) శిక్షణ క్యాంప్‌కి పిలవదగ్గవాడు, కికాఫ్, పంట్ జట్లలో (బంతిని తన్నే సందర్భాల్లో దిగేవి) ఆడి చోటు సంపాదించుకోగలడు. అతను కికాఫ్ కవరేజ్‌లో దూసుకెళ్ళి చేసిన టాకిల్స్ క్లిప్పులు జతచేశాను.

రన్నింగ్ బ్యాక్స్ కోచ్ చదివి ఒక్క అక్షరం మార్చకుండా స్కౌట్లకి పంపించారు. గర్వంగానే ఉంది. ఆ సీనియర్ మాత్రం కిక్కురుమనలేదు. బంతి పట్టినవాడినే ఆటగాడనుకునేవాళ్ళకి ఇలాంటి కుర్రాళ్ళ బతుకులు అప్పగించకూడదు.

మీలో ఎవరికైనా ఈ పని పడితే పక్కనుంచి తీసిన వీడియో ఒక్కటే ఇచ్చి సరిపెడతారు, ఒప్పుకోకండి. తల ఏ భుజం వైపు పెట్టాడో, చేతులు ఎక్కడ పడ్డాయో గోల్ వెనకనుంచి తీసిన వీడియోలోనే బాగా కనిపిస్తుంది. "వెతకాలి, రేపు రా" అంటారు. అక్కడే కూర్చోండి, ఇస్తారు.