సముద్రంలో కలిసే నీళ్ళు వృథా కాదు

ప్రతి వానాకాలం పేపర్లో అదే హెడ్డింగు, ఇన్ని టీఎంసీలు వృథాగా సముద్రం పాలు అని. చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ నీళ్ళు చేసే పని గురించి అందులో ఒక్క ముక్క ఉండదు.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నాచు పెరిగి నీళ్ళు పచ్చబడితే మనం ముందు యూరియాని తిడతాం. తప్పేం లేదు. 45 కిలోల బస్తాలో 20 కిలోల పైచిలుకు నత్రజనే, పైరు తీసుకోగా మిగిలింది మురుగు కాలువల్లో పడి కిందికి పోతుంది, దానికి బెజవాడ లాంటి ఊళ్ళ డ్రైనేజీ, రొయ్యల చెరువులు ఖాళీ చేసినప్పుడు వదిలే నీళ్ళు తోడవుతాయి. కానీ ఎరువు ఒక్కదానితో నాచు విరుచుకుపడదు. వరదప్పుడు ఎంతో ఎరువు కొట్టుకొస్తుంది, అయినా కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర నీళ్ళు బురద రంగులోనే ఉంటాయి. ఆ బురదలో ఎండ లోపలికి దిగదు, ఆ ఉరవడికి నాచు పెరిగేలోపే సముద్రంలో పడిపోతుంది.

చిక్కంతా ప్రవాహం తగ్గాక. ప్రకాశం బ్యారేజి గేట్లు దించాక మొగ వైపు నుంచి పోటుతో ఉప్పునీళ్ళు ఎగువకు ఎక్కుతాయి. అవి బరువు కాబట్టి అడుగున, మంచినీళ్ళు పైన, గాలి లేని రోజుల్లో రెండూ సరిగా కలవవు. పై పొరలో ఎండ, వేడి, ఎరువు అన్నీ దొరుకుతాయి, నీళ్ళు కదలవు, నాచుకి ఇంకేం కావాలి? అది చచ్చి అడుక్కి దిగి కుళ్ళేటప్పుడు అక్కడున్న ఆక్సిజన్ తినేస్తుంది. రొయ్యల రైతులకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుందనే టెన్షన్‌తో రాత్రంతా నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పేది వాళ్ళే. నది మొగలో ఏరియేటర్లు ఎవరు పెడతారు?

సిలికా సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. డయాటమ్‌లనే నాచు పెంకు కట్టుకోవాలంటే సిలికా కావాలి, నీళ్ళలో బతికే చిన్న జీవాలకి ముఖ్యమైన తిండి ఆ డయాటమ్‌లే. సిలికా రాళ్ళు అరిగి నదితో వస్తుంది, డ్యాముల వెనక నీళ్ళు నిలిచినప్పుడు అందులో కొంత అక్కడే అడుక్కి చేరిపోతుంది. కిందికి నత్రజని ఎక్కువై సిలికా తగ్గితే డైనోఫ్లాజెల్లేట్లనే ఇంకో రకం నాచుకి చోటు దొరుకుతుంది, సముద్రపు నాచుల్లో విషం తయారుచేసే రకాలు ఎక్కువగా వాటిలోనే ఉన్నాయి. శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటి వచ్చే కృష్ణలో ఈ లెక్క ఏటా కొలిచి జనానికి చెప్పాలని నా కోరిక.

అలాగని ఎప్పుడుపడితే అప్పుడు గేట్లెత్తితే చాలదు. 2016లో ఫ్లోరిడాలో ఒకీచోబీ సరస్సు నీళ్ళు సెయింట్ లూసీ నదీముఖంలోకి వదిలితే సరస్సులోని నాచు కూడా వాటితోపాటే దిగింది, తీరం వెంట దట్టంగా పేరుకుంది, ఎమర్జెన్సీ ప్రకటించాల్సి వచ్చింది. మంచినీళ్ళ నాచు ఉప్పు ఎక్కువైతే చస్తుంది నిజమే, కానీ చస్తూ తనలోని విషాన్ని నీళ్ళలోకి వదిలేస్తుంది.

అందుకే బ్యారేజి కిందికి ఎప్పుడు ఎంత వదలాలో తేల్చేటప్పుడు సాగునీరు, తాగునీరు లెక్కలతో పాటు మొగ దగ్గర ఉప్పు, వేడి, ఆక్సిజన్ కూడా చూడాలి. డెల్టా రైతులు కూడా యూరియా ఒకేసారి గుమ్మరించకుండా దఫాలుగా, వాన సూచన లేని రోజు చూసి వేస్తే పైరుకి ఎక్కువ అందుతుంది, కాలువలోకి తక్కువ పోతుంది.