ఒక్క పాప, ఒక్క అక్షరం: మా ప్రాథమిక పాఠశాలలో గడిచిన ఏడాది

2025 ఏప్రిల్ 23న బడికి వేసవి సెలవులు ఇచ్చి తాళం వేశాను. నాలుగు రోజులు పోతే కోపమూ చల్లారుతుంది, ఊరటా మరుగున పడుతుంది కనుక రెండూ మనసులో ఉండగానే ఈ ఏడాది సంగతి రాసి పెడుతున్నాను.

శ్రీకాకుళం జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయురాలిని. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు 47 మంది పిల్లలు, నాతో కలిపి ఇద్దరు టీచర్లం. విద్యా హక్కు చట్టం లెక్కలో 60 మంది వరకు ఇద్దరే కనుక మూడో టీచరును అడిగే వీలు మాకు లేదు. నేను మండల కేంద్రానికి వెళ్లిన ప్రతి రోజూ ఐదు తరగతులూ మా సహోపాధ్యాయిని ఒక్కరి మీదే పడతాయి.

2024 జూన్ 13న బడి తెరిచాం. పుస్తకాలు, బ్యాగులు పంచాం. మధ్యాహ్న భోజనం వండే అమ్మలు ఒక్క పూట కూడా మానలేదు. డిసెంబర్ 7న జరిగిన తల్లిదండ్రుల మెగా సమావేశానికి కోతల రోజులైనా కూలి మానుకుని మరీ వచ్చారు. జూన్‌లో అక్షరాలు కూడబలుక్కోవడం కూడా రాని నలుగురు మూడో తరగతి పిల్లలు మార్చి నాటికి పాఠం తమంతట తాము చదివారు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

ఏడాదిలో నన్ను కుంగదీసింది మాత్రం అపార్ సంఖ్యల పని. పిల్లవాడి చదువు వివరాలన్నీ ఒకచోట ఉండేలా ఇచ్చే ఈ 12 అంకెల సంఖ్య రావాలంటే, బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆన్‌లైన్ జాబితా యూడైస్‌లో ఉన్న పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. 46 మందికి సరిపోయాయి. ఐదో తరగతిలో ఒక పాపకు సరిపోలేదు. ఆమె పేరు చివర ఉన్న ‘లక్ష్మి’ని ఇంగ్లీషులో మా రిజిస్టరులో కె, ఎస్, హెచ్ అక్షరాలతో రాస్తే ఆధార్‌లో ఎక్స్‌తో రాశారు. పుట్టిన తేదీ మా దగ్గర 2015 జూన్ 10, ఆధార్‌లో అదే ఏడాది జనవరి 1.

రిజిస్టరులోని ఆ చేతిరాత నాదే. 2020లో కరోనా రోజుల్లో మేం ఇంటింటికీ తిరిగి చేర్చుకున్న పిల్లల్లో ఆమె ఒకరు. తల్లిదండ్రులు హైదరాబాద్‌లో భవన నిర్మాణ పనుల్లో ఉన్నారు, పాప నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ పెద్దావిడ “ఏరువాక రోజుల్లో పుట్టిందమ్మా” అంటే, ఆ మాట మీద నేనే జూన్ 10 అని రాశాను. వయసు పత్రం లేదని ఏ బిడ్డనూ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని విద్యా హక్కు చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది. పాపను చేర్చుకోవడం సరైన పనే. ఆ తర్వాత నాలుగేళ్లు పత్రం సంగతి పట్టించుకోకపోవడం నా తప్పు.

నవంబర్‌లో నాయనమ్మను గ్రామ సచివాలయానికి పంపాను. పుట్టిన ఊళ్లోనే అడగమన్నారు. పాప పుట్టిన ఆసుపత్రి ఉన్న పట్టణానికి వెళ్తే, పుట్టుక నమోదైంది గానీ బిడ్డ పేరు గడి ఖాళీగా ఉందని, పేరు రాయాలంటే తల్లో తండ్రో రావాలని చెప్పారు. ఆధార్ కేంద్రానికి రెండుసార్లు వెళ్లింది. ఐదేళ్లు నిండాక చేయించాల్సిన వేలిముద్రల నమోదు పాపకు చేయించలేదు. ఇప్పుడు యంత్రం వాటిని తీసుకోలేదు. “టీచరమ్మా, పిల్ల ఏలుముద్ర పడనేదంట, మళ్లీ రమ్మన్నారు” అని బడి గుమ్మంలో నిలబడి చెప్పింది. ఆమె చీర కుచ్చిళ్లకు వరి దుబ్బుల మట్టి అంటుకుని ఉంది. నాలుగు రోజుల కోతల కూలి పోయిందని ఆమె అనలేదు, నేను లెక్క వేసుకున్నాను.

ఆ వారమే మండల కేంద్రంలో సమీక్షా సమావేశం జరిగింది. అధికారి తెర మీద బడుల జాబితా చూపిస్తూ నూరు శాతం పూర్తికాని హెచ్చెమ్‌లను లేచి నిలబడమన్నారు. మా బడి శాతం 97.87. కారణం చెప్పబోతే వినకుండా, “ఒక్క పిల్ల పని చేయించలేని వారు బడి ఏం నడుపుతారు?” అని తోటి ఉపాధ్యాయులందరి ముందూ అడిగారు. 24 ఏళ్ల సర్వీసులో పిల్లలను నేను ఎన్నడూ అలా నిలబెట్టలేదు. బయటికి వచ్చాక తెలిసినవారొకరు నా మేలు కోరే అన్నట్టుగా, “ఆ పాపను డ్రాప్‌బాక్స్‌లోకి పంపేయండి, నమోదు 46 అవుతుంది, శాతం నిండుతుంది” అని చెప్పారు. బడి విడిచిన పిల్లల పేర్లు చేరే చోటు అది. ఆ రాత్రి నిద్ర పట్టక, అలా చేస్తే ఏమవుతుందని నేనూ ఆలోచించానన్న సంగతి దాచను.

మర్నాడు ఉదయం ప్రార్థన అయ్యాక ఆ పాపే సుద్దముక్క తీసుకుని, తరగతి నాయకురాలిగా రోజూ చేసే పనే కనుక, మునివేళ్ల మీద నిలబడి బోర్డు మూలన ‘నమోదు 47, హాజరు 47’ అని రాసింది. ఇక ఆ ఆలోచన నా దరికి రాలేదు. కళ్లెదుట కూర్చున్న బిడ్డను కాగితం మీద బడి మాన్పించి తెచ్చుకునే శాతం ఏ బడికీ అక్కర్లేదు. ఆ సలహా ఎన్ని బడులకు వెళ్తోందో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది.

సంక్రాంతికి తల్లిదండ్రులు ఊరికి వచ్చారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కనుక ముక్కనుమ నాడు తల్లిని, పాపను తీసుకుని పట్టణానికి నేనే వెళ్లాను. నమోదైన పుట్టుకకు బిడ్డ పేరును ఏడాదిలోపు రుసుము లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్చవచ్చన్న నిబంధనను ముందే చదువుకుని వెళ్లినందువల్ల కిటికీ దగ్గర ఎవరూ తిప్పి పంపలేకపోయారు. నాయనమ్మ రేకు పెట్టెలో దాచిన ఆసుపత్రి చీటీ అక్కడే అక్కరకు వచ్చింది. అసలు తేదీ జూన్ 24 అని తేలింది. ఏరువాక మాట నిజమే, నా పదో తేదీయే తప్పు. ఫిబ్రవరిలో పత్రం, ఆ తర్వాత ఆధార్, పై అధికారి ఉత్తర్వు వచ్చాక రిజిస్టరులో ఎర్ర సిరాతో దిద్దుబాటు, మార్చిలో అపార్ సంఖ్య వరుసగా వచ్చాయి.

తోటి హెచ్చెమ్‌లకు నా మాట ఇది. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు, పేరును రెండుసార్లు. కనుక జనన పత్రం చేతికి రాకముందే తొందరపడి ఏ ఇంటర్నెట్ సెంటరు మాటా నమ్మి మార్పించవద్దు. చేర్చుకునే రోజునే పేరు ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా తల్లిదండ్రులకు చదివి వినిపించండి. కూలి చేసుకునే వారిని కార్యాలయాలకు ఒంటరిగా మాత్రం పంపవద్దు. వారికి దొరకని జవాబు మన చేతిలోని కాగితానికి దొరుకుతుంది.

చివరి రోజున పాప టీసీ ఇస్తుంటే నాయనమ్మ, “ఇంకెక్కడికీ తిరగక్కర్నేదు కదా తల్లీ?” అని అడిగింది. హైస్కూలులో చేర్చాల్సి ఉంది, జూన్ 12న నేనూ వస్తాను మామ్మా అని చెప్పాను. పత్రాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆసుపత్రి చీటీని మాత్రం విడిగా మడిచి కొంగున కట్టుకుంది.