గంట ముందే అయిపోయిన మీటింగ్

మార్చిలో ఒక సోమవారం. కర్నూలులో మా ఇంట్లో, రాత్రి ఏడున్నర మీటింగ్ కోసం ఏడుంపావుకే లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఫోన్ చూస్తే మా లీడ్ నుంచి మూడు మిస్డ్ కాల్స్. మీటింగ్ ఆరున్నరకే మొదలై, అయిపోయింది కూడా! నేను చెప్పాల్సిన భాగం కోసం అందరూ పది నిమిషాలు ఆగారట. చాలా బాధేసింది.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. మా మీటింగ్ న్యూయార్క్ టైము ప్రకారం ఉదయం 9కి. అది మనకు అంతవరకు రాత్రి 7:30, ఆ రోజు నుంచి సాయంత్రం 6:30. నవంబర్ మొదటి ఆదివారం మళ్లీ మామూలే. నేను ఇన్వైట్ తెరిచి చూడకుండా, నోట్‌బుక్‌లో రాసుకున్న టైమునే నమ్మాను.

ఇప్పుడు పొద్దున్నే ఇన్వైట్ చూస్తాను. మన ఎండాకాలం, కరెంటు సంగతి తెలిసిందే కదా, రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టించాను. ఫోన్ హాట్‌స్పాట్ కూడా సిద్ధం. మాట్లాడనప్పుడు మ్యూట్. ఎప్పుడైనా ఆలస్యమైతే చాట్‌లో ఒక్క ముక్క పెట్టి, చర్చకు అడ్డు రాకుండా కూర్చుంటాను.

అమ్మ కూడా మీటింగ్ టైముకు కుక్కర్ పెట్టడం మానేసింది. నేను అడగలేదు, తనంతట తనే.