టీషర్టు మీద మాతంగి వేషం

తిరుపతి వెళ్లొచ్చామంటే ఎవరైనా మొదట అడిగేది "దర్శనం బాగా అయిందా?" అనే. ఈసారి నేను కొండెక్కలేదు. తాతయ్యగుంట గంగమ్మ గుడికి దగ్గర్లో, టైలరింగ్ షాపు మేడ మీదున్న చిన్న స్క్రీన్ ప్రింటింగ్ గది చూడ్డానికి వెళ్లాను. అక్కడ ప్రింట్లు వేసే అమ్మాయిని వీధంతా అక్కా అనే పిలుస్తారు. నాకంటే చిన్నదే అయినా నాకూ అదే అలవాటైంది.

పని చూపించమంటే ముందు లైట్లు ఆర్పేసింది. చెక్క ఫ్రేముకి బిగించిన పాలిస్టర్ మెష్ మీద ఎమల్షన్ పూసి చీకట్లో ఆరబెట్టి ఉంచింది. దాని మీద బొమ్మ ఉన్న ఫిల్మ్ పెట్టి లైటు వేస్తే, వెలుగు తగిలినచోట పూత గట్టిపడుతుంది. నల్లటి బొమ్మ కింద మాత్రం మెత్తగానే ఉండి, నీళ్లు కొట్టగానే కరిగిపోతుంది. రంగు దిగేది ఆ సందుల్లోంచే. నీళ్లు కొడుతుంటే మొదట కళ్లు, తర్వాత ముక్కుపుడక, ఆఖర్న బుగ్గన చుక్క బయటపడ్డాయి. రంగుకో స్క్రీను కావాలి కాబట్టి అక్క రెండు రంగులు దాటదు. ఖర్చు తగ్గుతుందని అంటుంది గానీ, ఆ పొదుపే బొమ్మకి అందం తెచ్చిందని నాకనిపించింది.

ఆ బొమ్మ మాతంగి వేషానిది. మే నెలలో వచ్చే గంగజాతరలో మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకొని తిరగడం తిరుపతిలో వింతేం కాదు. ఆడవాళ్లని చెరబట్టే పాలెగాణ్ణి గంగమ్మ రకరకాల వేషాల్లో వెతికి, దొర వేషంలో తల నరికిందనీ, తర్వాత మాతంగిగా వెళ్లి వాడి పెళ్లాన్ని ఓదార్చిందనీ కథ. ఇంకెవరైనా అయితే కత్తి పట్టిన గంగమ్మనే గీసేవారు. అక్క ఓదార్చిన గంగమ్మని గీసి, కింద ఒకటే మాట వేసింది: "పాలెగాడు ఇంకా ఉన్నాడు." కాలేజీ మగపిల్లలే ఎక్కువ కొంటున్నారట. "వాళ్లు తొడుక్కుంటేనే కదన్నా పనికొచ్చేది" అంది.

ఆదివారం ఎవరి పాత చొక్కా వాళ్లు తెచ్చుకుంటే రంగు డబ్బులకే వేసిస్తుంది. కింద షాపులో కుట్టే ఆడవాళ్లు మిగిలిన ముక్కలతో సంచులు కుడతారు. నేనున్నప్పుడే ఒక ఆటో డ్రైవరు ఖాకీ చొక్కా తెచ్చి, "వీపు మీద వెయ్యి మా, ముందర వేస్తే పోలీసాయన నిలబెట్టి అడగతాడు" అన్నాడు.

మర్నాడు శ్రీకాళహస్తి బస్సెక్కాను. దారిపొడుగునా నిద్రే. అక్కడ కలంకారీ వేసే పెద్దాయన ఒకరిని కలిశాను. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ, ఇనుమూ బెల్లమూ ఊరబెట్టి తీసిన నల్లరంగు, వెదురు కలం. రంగు మారినప్పుడల్లా మళ్లీ ఉతకాలి, మళ్లీ ఆరబెట్టాలి. అడుగంటిన ఈ పనికి 1950ల్లో, చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో ఊళ్లో శిక్షణ కేంద్రం వచ్చింది. తర్వాత ఇది ఈ ఊరి సొంతమని చెప్పే భౌగోళిక గుర్తింపూ (జీఐ) వచ్చింది. అయినా బజారులో కలంకారీ పేరు చెప్పి స్క్రీన్ ప్రింట్ చీరలు అంటగడుతూనే ఉన్నారు. ఆ మాటెత్తగానే పెద్దాయనకి ఒళ్లు మండింది.

సంచిలోంచి అక్క టీషర్టు తియ్యడానికి కాస్త జంకాను. మెడ దగ్గర లేబుల్ మీద "స్క్రీన్ ప్రింటు, కలంకారీ కాదు" అని ఉంటుంది. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని అది చదివారు. తిరగేసి లోపలివైపు చూశారు.

"కన్ను కలంతో గీసుంటే ఇంకా బాగా తెరుచుకునేది" అన్నారు. టీషర్టు మడిచి నా చేతికిస్తూ, "మా మనవడికొకటి చెప్పు నాయనా. ఎల్ సైజు."