ఏ గాలికి ఎండిన చెక్క?

బల్ల కోసం తెచ్చుకున్న టేకు పలకలకు వెంటనే చిత్రిక పట్టలేదు. చెక్క ఎండిందా అని అడిగితే సరిపోదు, ఏ గాలికి ఎండిందో కూడా తెలియాలి. అందుకే ముందు బల్ల ఉండబోయే గదిలో, గాలి తేమను కొలిచే హైగ్రోమీటర్ పెట్టాను. అది 50 శాతానికి అటూ ఇటూగా చూపించింది. మామూలు గది ఉష్ణోగ్రతలో అలాంటి గాలికి చెక్క దాదాపు 9 శాతం తేమ దగ్గర ఆగుతుంది. గాలి తేమ 65 ఉంటే 12 దగ్గర, 80 ఉంటే 16 దగ్గర.

మరి పలకల్లో ఎంతుంది? పలక చివర్లు త్వరగా ఆరతాయి కాబట్టి నడిమి భాగం నుంచి చిన్న ముక్క కోశాను. 56 గ్రాములు తూగింది. 103 డిగ్రీల ఓవెన్‌లో, బరువు తగ్గడం ఆగేదాకా ఉంచితే 50 గ్రాములకు వచ్చింది. పోయిన 6 గ్రాములను ఎండిన బరువుతో భాగించాలి, తడి బరువుతో కాదు. అంటే 12 శాతం. పచ్చి చెక్కలో తేమ 100 శాతం దాటిందని వింటే ఆశ్చర్యపోనక్కర్లేదు, లెక్క కట్టే పద్ధతే అది.

12 నుంచి 9కి దిగడం చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ వలయాలు పలక వెడల్పుకు దాదాపు సమాంతరంగా వచ్చేలా కోసిన (ఫ్లాట్‌సాన్) టేకు పలకలను అతికిస్తే, 80 సెంటీమీటర్ల వెడల్పు బల్ల దాదాపు నాలుగున్నర మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. పొడవులో మాత్రం మార్పు లెక్కలోకి రానంత తక్కువ.

పలకల మధ్య సన్నటి బద్దలు ఒకదాని మీద ఒకటి వరుసగా వచ్చేలా పెట్టి, గోడకు దూరంగా పేర్చాను. చివర్లకు మైనం పూశాను. ఒక పలకను తరచూ తూచి, బరువు దాని మీదే పెన్సిల్‌తో రాసేవాణ్ణి. మొదట్లో చకచకా తగ్గిన బరువు తర్వాత నెమ్మదించింది. మధ్యలో ముసురు పట్టినప్పుడు కాస్త పెరిగింది కూడా! అది పైపొర పీల్చుకున్న తేమ. లోపలికి చేరేలోపే గాలి మారిపోయింది. ఓపిక పట్టడం ఇక్కడే కష్టం, కానీ తొందరపడితే అతుకులు విడిపోతాయి.

బరువు నిలకడగా ఉన్నాకే అతికించాను. వార్నిష్ తేమ రాకపోకలను నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపదు. అందుకని కింది వైపు కూడా అన్నే పూతలు వేశాను, లేకపోతే రెండు వైపులా తేమ ఒకే వేగంతో మారక బల్ల వంగుతుంది. ఫ్రేమ్‌కు బిగించే స్క్రూలకు గుండ్రటి రంధ్రాలు కాకుండా, చెక్క కదలడానికి చోటుండేలా పలకల వెడల్పు దిశలో పొడవాటి గాడులు తీశాను.