పాతికకి పద్నాలుగు

2021 ఏప్రిల్, మే నెలల్లో గుంటూరులో ఎవరికి ఫోన్ చేసినా "స్కోరెంత వచ్చింది?" అనే అడిగేవారు. ఊపిరితిత్తుల సీటీ స్కాన్ రిపోర్టు చివర, జబ్బు ఎంత పాకిందో చెబుతూ పాతికకి వేసే ఆ అంకెను చూసే ఆసుపత్రికి పరిగెత్తాలా, ఇంట్లోనే ఉండాలా అని తేల్చుకునేవాళ్లు. అమ్మకు కరోనా వచ్చినప్పుడు ఆ అంకెను ఎలా చదవాలో ఓపిగ్గా చెప్పిన డాక్టరు దొరకడం మా అదృష్టం.

జ్వరం మొదలైన మర్నాడే స్కాన్ తీయించమని బాబాయ్ పట్టుబట్టాడు. ఆర్టీపీసీఆర్ ఫలితం ఇంకా రాలేదు, ఆయన కంగారులో న్యాయం ఉంది. డాక్టరు గారు వద్దన్నారు. "ఇప్పుడు తీస్తే చాలామందికి మామూలుగానే కనిపిస్తుందమ్మా. ఏమీ లేదని మీరు ధీమాగా ఉండిపోతారు. ముదిరితే రెండో వారంలో ముదురుతుంది." ఆక్సీమీటరు పెట్టి మూడు పూటలా చూడమన్నారు. ఆరు నిమిషాలు గదిలో నడిపించి మళ్లీ చూడమన్నారు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో ఆవిడకు తెలియకుండా లెక్కపెట్టమన్నారు. తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తుంది కదా.

వారం దాటాక దగ్గు ఎక్కువైంది. నడిస్తే ఆక్సిజన్ 93కి పడింది. అప్పుడు రాశారు, ఊపిరితిత్తుల్ని వివరంగా చూపే సీటీ స్కాన్, హెచ్‌ఆర్‌సీటీ.

స్కానింగ్ సెంటరు బయట కార్లలోనూ ఆటోల్లోనూ జనం. ప్రభుత్వం పెట్టిన మూడు వేల రూపాయల పరిమితి అప్పటికి అమల్లో ఉంది. ఛాతీ మీద లోహం ఉండకూడదన్నారు. అమ్మ పుస్తెలతాడు తీయడానికి ముందు పసుపు తాడు కట్టుకుంది. ఇంజెక్షన్ లేదు, మందు ఎక్కించడం లేదు. చేతులు తలపైకి పెట్టి పడుకుని, నిండా గాలి పీల్చి బిగబట్టాలి. కొన్ని సెకన్లే, కానీ దగ్గుతున్న మనిషికి అదే కష్టం. ముందే రెండు మూడుసార్లు సాధన చేయించి తీసుకెళ్లడం మేలైంది.

రిపోర్టులో కో-రాడ్స్ 5 (స్కాన్‌ని బట్టి కరోనా అనుమానం చాలా బలంగా ఉందని), స్కోరు 14/25 అని ఉంది. బాబాయ్ మొహం పాలిపోయింది. డాక్టరు గారు ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించారు. కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమదానికి రెండు. ఒక్కోదానిలో జబ్బు ఎంత మేర పాకిందో చూసి అయిదుకి మార్కులేస్తారు: అయిదు శాతం లోపు ఒకటి, పాతిక వరకు రెండు, సగం వరకు మూడు, ముప్పావు వరకు నాలుగు, ఆపైన అయిదు. అమ్మకు కింది భాగాలు రెండింటికీ నాలుగేసి, మిగతా మూడింటికీ రెండేసి. అంచుల వెంట ఆవిరి పట్టిన అద్దంలా మసక. రిపోర్టుల్లో గ్రౌండ్ గ్లాస్ అని రాసేది దాన్నే.

తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న, జ్వరం వచ్చి ఎన్నో రోజని. మూడో రోజుకే 14 అంటే ఇంకా పెరగబోతోందని భయపడాలి. తొమ్మిది, పది రోజులకు 14 అంటే శిఖరం దగ్గర్లో ఉన్నట్టు. అదే 14తో ఒకరు ఆక్సిజన్ లేకుండా తిరుగుతారు, సుగరో పాత ఆస్తమానో ఉన్నవారు ఐసీయూలో పడతారు. ఇంకో మెలిక కూడా ఉంది. మా వీధిలో ఒకాయన 18 వచ్చిందని కుప్పకూలిపోయాడు. చూస్తే అది నలభైకి వేసిన స్కోరు!

చికిత్స నిర్ణయించింది మాత్రం స్కోరు కాదు. ఆక్సిజన్ 90–93 మధ్య ఉన్నా, నిమిషానికి ఊపిరి 24 దాటినా జబ్బు మధ్యస్థం అన్నది కేంద్ర ఆరోగ్య శాఖ అప్పటి మార్గదర్శకం. అమ్మకు ఆసుపత్రిలో మంచం దొరికాక ఆక్సిజన్ పెట్టారు, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ అప్పుడే మొదలుపెట్టారు. ఆక్సిజన్ అవసరం లేనివారికి స్టెరాయిడ్ వల్ల మేలు లేదు, కీడు జరగొచ్చు. స్కోరు చూసి, వాట్సాప్‌లో వచ్చిన చీటీ పట్టుకుని ఇంట్లోనే మింగినవాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి అప్పటి డైరెక్టర్ రణదీప్ గులేరియా, తేలికపాటి జబ్బుకు సీటీలు వద్దని, ఒక సీటీ 300–400 ఎక్స్‌రేలతో సమానమని అన్నారు. రేడియాలజిస్టుల సంఘం ఆ లెక్క తప్పని గట్టిగా ఖండించింది. రేడియేషన్ లెక్క ఎలా ఉన్నా, అవసరం లేనివాళ్లు ఆ వరసలో నిలబడితే ఆయాసపడుతున్నవాళ్లు వెనక ఆగాల్సి వస్తుంది. నేను కళ్లారా చూశాను.

అమ్మ ఇంటికొచ్చాక, తగ్గిందో లేదో ఇంకో స్కాన్ తీయిద్దామన్నాడు బాబాయ్. "మెట్లెక్కినా ఆయాసం లేదు, ఆక్సిజన్ 97. ఇంక దేనికండీ?" అన్నారు డాక్టరు గారు. మూడు నెలలకు ఒక ఎక్స్‌రే తీయించారు. స్కాన్ సీడీ మాత్రం పారేయొద్దన్నారు. ఎప్పుడైనా మళ్లీ ఊపిరితిత్తుల జబ్బు చేస్తే, పాత మచ్చలేవో కొత్తవేవో పోల్చి చూడటానికి పనికొస్తుందట.