బీడ్ కుదిరితేనే గోరు నిలుస్తుంది

గోళ్లకి జెల్ పాలిష్ వేయడం నాకు త్వరగానే పట్టుబడింది. లిక్విడ్, పౌడర్ కలిపి గోరు మీద పెట్టే అక్రిలిక్ మాత్రం చాలాకాలం సతాయించింది. విజయవాడలో నేను పనిచేసే సెలూన్‌లో పెళ్లిళ్ల సీజన్ వస్తే అక్రిలిక్ గోళ్లు అడిగేవాళ్లే ఎక్కువ. నేను పెట్టినవి ఆ పూటకి బాగానే ఉండేవి. వారం పది రోజులు తిరిగేసరికి క్యూటికల్ వైపు, అంటే గోరు మొదట్లో చర్మం ఉండే వైపు, అంచు కాస్త లేచేది. తల దువ్వుకుంటుంటే వెంట్రుకలు ఇరుక్కుంటున్నాయని వెనక్కి వచ్చేవాళ్లు. మా పనిలో దీన్ని లిఫ్టింగ్ అంటాం. గోరుకి పట్టు రావడానికి ముందుగా రాసే ప్రైమర్ మార్చి చూశాను, పౌడర్ మార్చి చూశాను. తేడా ఏమీ రాలేదు.

ఒకరోజు మా సీనియర్ అక్క నా పక్కన కూర్చుంది. నేను గోరు పెడుతుంటే గోరు వైపు కాదు, బ్రష్ వైపే చూసింది. "బ్రష్ కారుతోంది చూడు. ఇవాళ గోళ్ల జోలికి పోకు. బీడ్లు తీస్తూ కూర్చో, చాలు" అని ఓ ప్లాస్టిక్ షీట్ ముందు పెట్టింది.

లిక్విడ్‌లో ముంచిన బ్రష్ కొసని పౌడర్‌లో ఆనిస్తే అంటుకుని వచ్చేదే బీడ్. లిక్విడ్ మోనోమర్, పౌడర్ పాలిమర్. పౌడర్‌లో ఉండే బెంజాయిల్ పెరాక్సైడ్ వల్ల రెండూ కలవగానే గట్టిపడటం మొదలవుతుంది. జెల్‌కి లాగా ల్యాంప్ అక్కర్లేదు, తీరిగ్గా సర్దుకునే టైమూ ఉండదు.

షీట్ మీద బీడ్లు పెడుతూ పోతే నాకు తేడాలు కళ్లకు కట్టాయి. సరైన బీడ్ పెట్టగానే గుండ్రంగా నిలబడుతుంది. తర్వాత నెమ్మదిగా సర్దుకుంటుంది, పైన మెరుపు తగ్గి మసకబారుతుంది. బీడ్ చుట్టూ తడి వలయం కనబడిందంటే లిక్విడ్ ఎక్కువైనట్టు. అలాంటిది గోరు మీద పెడితే పక్కలకి, చర్మం మీదకి పారుతుంది. గట్టిపడేటప్పుడు ఎక్కువగా కుంచించుకుని అంచు దగ్గర పట్టు వదిలేస్తుంది. నా గోళ్లు లేవడానికి కారణం అక్కడే ఉంది. లిక్విడ్ చాలకపోతే ఇంకో తంటా. తడి చాలని పిండిలా పొడిపొడిగా ఉండి గోరుకి అతకదు, లోపల గాలి బుడగలు ఉండిపోతాయి.

సుమారుగా ఒకటిన్నర వంతు లిక్విడ్‌కి ఒక వంతు పౌడర్ అంటారు. కానీ కొలిచి పోసుకునే పని కాదు కదా, ఆ లెక్క చేతికి తెలియాలి. బ్రష్‌ని లిక్విడ్‌లో పూర్తిగా ముంచి, అడుగున మెల్లగా నొక్కి గాలి పోనిచ్చి, గిన్నె అంచుకి ఒకవైపు తుడుస్తాను. క్యూటికల్ దగ్గర పెట్టే చిన్న బీడ్‌కైతే రెండువైపులా తుడుస్తాను. కొసతో పౌడర్‌లో చిన్న గీత గీస్తే బీడ్ వస్తుంది. వెంటనే గోరు మీద పెట్టకుండా ఒక్క క్షణం ఆగాలి, పౌడర్ తడి పీల్చుకోవాలి.

పెట్టే వరస కూడా అక్క దగ్గరే నేర్చుకున్నాను. మొదటి బీడ్ గోరు చివర, రెండోది మధ్యలో, అన్నిటికంటే చిన్నది క్యూటికల్ దగ్గర, చర్మానికి వెంట్రుకవాసి దూరంలో. బ్రష్ కొసతో పాలిష్ పూసినట్టు పూయకూడదు, బ్రష్ పొట్టతో అద్దాలి. గోరుని పక్క నుంచి చూస్తే మధ్యలో చిన్న ఎత్తు కనబడాలి. దాన్ని ఎపెక్స్ అంటాం, గోరుకి బలం దానివల్లే. క్యూటికల్ దగ్గర, చివర్న పల్చగా ఉండాలి. బ్రష్ వెనక కొసతో తడితే టక్‌మని వినిపించాకే ఫైల్ పడతాను.

మే నెలలో మాత్రం ఈ లెక్కలన్నీ మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. బెజవాడ ఎండకి లిక్విడ్ వేడెక్కితే బీడ్ అద్దేలోపే బిగుసుకుపోతుంది. ఏసీ గాలి నేరుగా టేబుల్ మీద పడితే సెట్ అవడానికి ఎంతో సేపు పడుతుంది. ఇప్పుడు టేబుల్‌ని ఏసీకి పక్కగా జరుపుకున్నాను, వేడెక్కే బల్బు తీసేసి ఎల్‌ఈడీ పెట్టుకున్నాను.

బీడ్ ఎంత బాగున్నా కింద గోరు శుభ్రంగా లేకపోతే నిలవదు. మనవాళ్లు తలకి నూనె రాసుకుని అదే చేత్తో వచ్చేస్తారు. అందుకే ముందు చేతులు కడిగిస్తాను. గోరు మీద పల్చగా అతుక్కుని ఉండే చచ్చిన చర్మం తీసి, 180 గ్రిట్ గరుకు ఉండే బఫర్‌తో మెరుపు పోయేంత వరకే రుద్దుతాను. అంతకుమించి రుద్దితే సొంత గోరు పల్చబడిపోతుంది. తర్వాత గోరు మీది తడి, జిడ్డు పోగొట్టే డీహైడ్రేటర్, కొంచెం ప్రైమర్. ఆపైన ఆ గోరుని వేలితో ముట్టుకోను.

చర్మానికి లిక్విడ్ తగలనివ్వకపోవడం అందం కోసం మాత్రమే కాదు. పదేపదే తగిలితే అలర్జీ వస్తుంది. ఒకసారి వచ్చాక జీవితాంతం ఉండిపోవచ్చు, రేపు పళ్ల డాక్టర్ వాడే అక్రిలిక్ పదార్థాలు కూడా పడకపోవచ్చు. అందుకే నైట్రైల్ గ్లౌజులు, మాస్కు వేసుకుంటాను, కిటికీ తెరుస్తాను. మాస్కు ధూళిని ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు. చవగ్గా దొరుకుతుందని ఎంఎంఏ (మిథైల్ మెథాక్రిలేట్) లిక్విడ్ మాత్రం కొనొద్దు. అమెరికాలో మందులు, సౌందర్య సాధనాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1970లలోనే నూరు శాతం ఎంఎంఏ ఉన్న గోళ్ల ఉత్పత్తుల మీద చర్య తీసుకుంది. ఈఎంఏ (ఇథైల్ మెథాక్రిలేట్) అని రాసి ఉన్నదే వాడండి.

పెళ్లికూతుళ్లు పొడవు గోళ్లు అడుగుతారు. చేత్తో అన్నం కలుపుకోవాలి, కుచ్చిళ్లు పెట్టుకోవాలి కాబట్టి నేను పొట్టి ఆల్మండ్ షేప్ చూపిస్తాను. చాలామంది ఒప్పుకుంటారు. పసుపు అంటితే మరక పట్టొచ్చని ముందే చెప్తాను. రెండు మూడు వారాలకి రీఫిల్‌కి, అంటే గోరు పెరిగి మొదట్లో వచ్చిన ఖాళీ నింపడానికి, రమ్మంటాను. ఈలోపు ఎక్కడైనా లేస్తే ఇంట్లో జిగురు పెట్టుకోకుండా వెంటనే రమ్మంటాను. ఆ సందులో తడి నిలిస్తే గోరు ఆకుపచ్చగా మారొచ్చు. లేచిన ముక్కని పూర్తిగా ఫైల్ చేసి తీసేశాకే కొత్త బీడ్ పెడతాను.